గిటార్ సెటప్ డైరీ: అందరి అనుమానం శాడిల్ మీద, అసలు రోగం నట్‌లో

ఇచ్చే ముందు

సెటప్‌కి, అంటే నెక్ వంపు, తీగల ఎత్తు సరిచేయించడానికి, ఇచ్చే ముందే గిటార్ పరిస్థితి అంకెల్లో రాసి పెట్టుకున్నాను. "చేతికి గట్టిగా ఉందండీ" అంటే బాగుచేసే మనిషికి పెద్దగా ఏమీ తెలియదు. ఏ తీగ, ఏ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర, ఎంత ఎత్తులో ఉందో చెప్తే పని సూటిగా మొదలవుతుంది. పైగా తిరిగి తెచ్చుకున్నాక తేడా ఎంతో చూసుకోవడానికి మన దగ్గర ఒక ఆధారం ఉంటుంది.

గిటార్ వివరాలు: డ్రెడ్‌నాట్ ఆకారం, పైపలక సాలిడ్ స్ప్రూస్, స్కేల్ పొడవు (తీగ మోగే పొడవు) 645 మి.మీ., తీగలు 12-53 ఫాస్ఫర్ బ్రాంజ్ (ఆ అంకెలు మొదటి, ఆరో తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో), శాడిల్ కింద యాంప్లిఫయర్ కోసం పీజో పికప్. నట్ అంటే నెక్ తల దగ్గర తీగలు గాడుల్లో ఆనే పట్టీ, శాడిల్ అంటే బాడీ మీది బ్రిడ్జ్‌లో తీగలు ఆనే పట్టీ. మొదటి తీగ అన్నిటికన్నా సన్నది, ఆరోది అన్నిటికన్నా లావు. వయసులో పెద్దదేం కాదు. కొన్న దగ్గర్నుంచీ దీనికి సరైన సెటప్ జరగలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే గిటార్లు చాలావరకు కాస్త ఎత్తు తీగలతోనే వస్తాయి. ఎవరు కొంటారో, ఎలా వాయిస్తారో తయారుచేసేవాళ్ళకి తెలియదు కదా. ఎత్తుగా ఉన్న నట్‌ని, శాడిల్‌ని అరగదీసి దించవచ్చు. తక్కువైతే మాత్రం కొత్తది వేయాల్సిందే. అందుకని వాళ్ళు జాగ్రత్త వైపే మొగ్గుతారు.

శృతి సరిచేసి కొలిచాను. 12వ ఫ్రెట్ పైన ఆరో తీగ ఎత్తు 3.4 మి.మీ., మొదటి తీగ 2.6. అకూస్టిక్‌కి మామూలుగా ఆరో తీగ 2.4 దరిదాపుల్లో, మొదటిది 1.6 నుంచి 1.8 మధ్యలో ఉంటే చేతికి సుఖంగా ఉంటుంది. రిలీఫ్, అంటే నెక్‌లో ఉండే సన్నటి ముందు వంపు, 0.45 మి.మీ. వచ్చింది. మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్) బిగించి, బాడీ మొదలయ్యే 14వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగని నొక్కిపట్టి, ఏడో ఫ్రెట్‌కీ తీగకీ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) దూర్చి చూస్తే తెలిసేది ఇదే. 0.1 నుంచి 0.25 దాకా ఉండాల్సింది, రెట్టింపుకి దగ్గరగా ఉంది.

ఇక ముఖ్యమైన కొలత. ఏ తీగా నొక్కకుండా మొదటి ఫ్రెట్ పైన ఎత్తు ఎంతుందో చూడాలి. ఆరో తీగ 0.85, మొదటి తీగ 0.6. ఈ కొలతని చాలామంది తీయరు. గిటార్ గట్టిగా ఉందంటే చాలు, "శాడిల్ అరగదీయించు" అనేదే అందరి నోటా వినిపించే సలహా. నాకు మాత్రం మొదటి ఫ్రెట్ దగ్గర ఒకే వేలితో తీగలన్నీ నొక్కే ఎఫ్ కార్డ్ దగ్గరే ప్రాణం పోతోంది. ఐదో ఫ్రెట్ దగ్గర అదే బార్ కార్డ్ పట్టుకుంటే ఏ కష్టమూ లేదు. శాడిల్ ఎత్తు వల్లే ఇదంతా అయితే నెక్ మీద పైకి వెళ్ళేకొద్దీ బాధ పెరగాలి, ఇక్కడ తగ్గుతోంది.

అనుమానం తీర్చుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. మొదటి ఫ్రెట్ మీద కేపో పెట్టి, శృతిని అర స్వరం దించి, ఎఫ్ ఆకారాన్నే ఒక ఫ్రెట్ ముందుకు జరిపి పట్టుకోవాలి. కేపో ఉన్నప్పుడు నట్ పనిలో ఉండదు, మొదటి ఫ్రెట్టే నట్ అయిపోతుంది. అలా పట్టగానే కార్డ్ శుభ్రంగా మోగింది, వేలు ఒత్తాల్సిన అవసరమే రాలేదు. అంటే నట్ గాడుల లోతు చాలక తీగలు అక్కడే ఎత్తుగా కూర్చున్నాయి. ట్యూనర్ కూడా అదే చెప్పింది. ఖాళీ తీగ కచ్చితంగా శృతిలో ఉన్నా, ఆరో తీగ మొదటి ఫ్రెట్ నొక్కితే 12 సెంట్లు పైకి పోతోంది. అర స్వరానికి 100 సెంట్లు కాబట్టి 12 అంటే చెవికి తెలిసే తేడానే. ఇన్నాళ్ళూ సి కార్డ్ కాస్త పుల్లగా వినిపించడానికి కారణం నా చెవి కాదన్నమాట.

బల్ల మీద, పనిముట్లు ముట్టకుండా

టెక్నీషియన్ గారు గిటార్ తీసుకోగానే నెక్ వంపు సరిచేసే ట్రస్ రాడ్ తాళం వెతుక్కుంటారనుకున్నాను. ఆయన కుర్చీ చూపించి, "ముందు మీరు మామూలుగా ఎలా వాయిస్తారో అలా కాసేపు వాయించండి" అన్నారు. నేను వాయిస్తుంటే నా కుడిచెయ్యి వైపే చూస్తున్నారు. పిక్‌తో ఎంత గట్టిగా కొడతానో, వేళ్ళతో మీటేటప్పుడు ఎక్కడ మీటుతానో గమనించారు. తర్వాత రెండే ప్రశ్నలు అడిగారు. ఇవే తీగలు వాడతారా, సన్నవి వేస్తారా? శృతి ఎప్పుడైనా దించుతారా?

ఈ రెండింటి మీదే సెటప్ అంతా ఆధారపడి ఉంటుంది. 12-53 సెట్ మామూలు శృతిలో నెక్‌ని 70 కిలోలకు పైనే లాగుతుంది. సన్న తీగలు వేస్తే ఆ లాగుడు తగ్గుతుంది, నెక్ కాస్త వెనక్కి పోతుంది, రిలీఫ్ మారిపోతుంది. ఆరో తీగని డి దాకా దించితే అది వదులై ఎక్కువ వెడల్పులో ఊగుతుంది, కాబట్టి దానికి ఎక్కువ చోటు కావాలి. నేను అప్పుడప్పుడు ఆరో తీగని దించుతానని చెప్పాను. "అయితే ఆరో తీగని మరీ కిందికి దించను" అని కాగితం మీద రాసుకున్నారు.

ఆ తర్వాత కూడా వెంటనే పని మొదలెట్టలేదు. గిటార్‌ని ఒక రాత్రి తన గదిలో ఉంచుకుంటానన్నారు. గదిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూసుకుంటారట. చెక్క ఆ తేమకి అలవాటు పడ్డాక తీసిన కొలతే నమ్మదగ్గది. తేమ ఎక్కువైతే పైపలక ఉబ్బి బ్రిడ్జ్‌ని పైకి ఎత్తుతుంది, యాక్షన్ (ఫ్రెట్ల పైన తీగల ఎత్తు) పెరుగుతుంది. పొడిబారితే పలక కుంగుతుంది, తీగలు కిందికి వచ్చి గరగరలాడతాయి. తడిసి ఉబ్బిన గిటార్‌కి శాడిల్ అరగదీస్తే ఎండాకాలంలో అది వాయించడానికే పనికిరాదు.

మర్నాడు ముందుగా నెక్ కోణం చూశారు. పొడవాటి ఉక్కు స్కేలుని ఫ్రెట్ల మీద పెట్టి బ్రిడ్జ్ వైపు తోస్తే, దాని చివర బ్రిడ్జ్ పైఅంచుని తాకీ తాకనట్టు ఉండాలి. మాది సరిగ్గా అంచు మీదికే వచ్చింది. ఒకవేళ స్కేలు అంచుకి బాగా కిందుగా బ్రిడ్జ్‌ని గుద్దుకుంటే నెక్ ముందుకు వంగిపోయిందని అర్థం. అప్పుడు ఎంత శాడిల్ అరగదీసినా తాత్కాలికమే, నెక్ ఊడదీసి కోణం సరిచేసి మళ్ళీ బిగించాలి. అది వేరే ఖర్చు, వేరే కథ. సెటప్ అడిగేవాళ్ళు ఈ ఒక్క పరీక్ష తమ కళ్ళ ముందు చేయించుకుంటే మంచిదని నా అభిప్రాయం. బ్రిడ్జ్ వెనక అంచు లేచిందేమోనని సన్నటి కాగితం దూర్చి చూశారు, దూరలేదు. చిన్న అద్దంతో లోపల పలకకి బలమిచ్చే చెక్క పట్టీలు, అంటే బ్రేసింగ్ కూడా చూశారు. అంతా బాగుంది.

ట్రస్ రాడ్

ఇది చూడ్డానికి భయం పుట్టించే పని, చేస్తే నిమిషాల్లో అయిపోయింది. నెక్ లోపల ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. తీగలు నెక్‌ని ముందుకు లాగుతుంటే అది వెనక్కి బిగపడుతుంది. సర్దుకునే వీలున్న ఈ కడ్డీ 1920ల్లో గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ పేటెంట్‌తో వాడుకలోకి వచ్చింది. గిటార్లు చేసే మరో కంపెనీ మార్టిన్ మాత్రం 1985 దాకా సర్దడానికి వీల్లేని నెక్‌లతోనే నడిపించింది.

మా గిటార్‌కి ఈ కడ్డీని బిగించే మర (తీగలు ఆనే నట్ కాదు) సౌండ్‌హోల్ లోపల ఉంది. తీగల్ని కాస్త వదులు చేసి, అలెన్ తాళం దూర్చి, సవ్యదిశలో పావు చుట్టు తిప్పారు. మళ్ళీ శృతి పెట్టి కొలిచారు. 0.3. ఇంకాస్త తిప్పి, మళ్ళీ శృతి, మళ్ళీ కొలత. 0.15 దగ్గర ఆగారు. ఒకేసారి సగం చుట్టు తిప్పేస్తే అయిపోయేది కదా అనిపిస్తుంది. కానీ బిగుసుకుపోయిన రాడ్‌ని బలవంతంగా తిప్పితే మర అరిగిపోవచ్చు, రాడ్ తెగిపోవచ్చు. అది తెగితే నెక్ విప్పాల్సిందే.

12వ ఫ్రెట్ దగ్గర ఎత్తు 3.4 నుంచి 3.2కి, 2.6 నుంచి 2.4కి దిగింది. యాక్షన్ తగ్గించడానికి రాడ్ తిప్పడం చాలామందికి అలవాటు. రాడ్ ఉన్నది నెక్ వంపు కోసం. ఎత్తు కొంచెం తగ్గడం దాని వెంట వచ్చే ఫలితం మాత్రమే.

ఫ్రెట్లు

ఇక్కడ ఎక్కువ పని పడలేదు. ఒకేసారి మూడు ఫ్రెట్ల మీద కూర్చునే చిన్న ఉక్కు పలకని మెడ పొడవునా జరుపుతూ పోతే, మధ్య ఫ్రెట్ ఎత్తుగా ఉన్నచోట అది టకటకమని ఊగుతుంది. తొమ్మిదో ఫ్రెట్ దగ్గర, సన్న తీగల వైపు ఊగింది. ఫ్రెట్ కొస గాడిలోంచి కాస్త పైకి లేచింది. ఒక చుక్క పల్చటి సూపర్ గ్లూ వేసి, నొక్కిపెట్టి ఆరనిచ్చారు. పలక మళ్ళీ పెడితే కదల్లేదు.

మొత్తం ఫ్రెట్లన్నీ సమం చేయించాలా అని అడిగితే అక్కర్లేదన్నారు. సమం చేయడమంటే ఎత్తైన వాటిని అరగదీసి తక్కినవాటితో కలపడం. ప్రతిసారీ ఫ్రెట్ల ఆయుష్షు కొంత తరుగుతుంది. ఒక కొస లేచినందుకు అన్నింటినీ రాకడం అన్యాయం. అంచుల దగ్గర చేతికి గుచ్చుకుంటున్న కొసల్ని మాత్రం సన్న ఆకురాయితో గుండ్రం చేశారు.

నట్

నేను చూడాలనుకున్న పని ఇదే. కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

ముందు లెక్క. 645 మి.మీ. స్కేల్‌లో నట్ నుంచి మొదటి ఫ్రెట్‌కి దూరం సుమారు 36 మి.మీ. మాత్రమే. ఇంత దగ్గర్లో తీగని కిందికి నొక్కితే నట్ వైపు నిటారుగా వంగాల్సి వస్తుంది. అందుకే నట్ దగ్గర 0.3 మి.మీ. ఎక్కువ ఎత్తు వేలికి చాలా పెద్ద బరువు. 12వ ఫ్రెట్ దగ్గర అదే 0.3 ఉన్నా లేకున్నా వేలికి పెద్దగా తెలియదు. నొక్కడానికి తీగ ఎక్కువ సాగాల్సి వస్తుంది కాబట్టి స్వరం కూడా పైకి పోతుంది. నొప్పి, అపశృతి రెండూ ఒకే గాడిలోంచి వస్తున్నాయి.

ఒక్కో తీగకి ఒక్కో మందం ఆకురాయి. తీగ మందం కన్నా ఒక వెంట్రుక వెడల్పు ఉన్నదాన్ని తీసుకుంటారు. ఆరో తీగని గాడిలోంచి పక్కకి తప్పించి, ఆకురాయిని హెడ్‌స్టాక్ (ట్యూనింగ్ కీలు ఉండే తల) వైపు కాస్త కిందికి వాల్చి పట్టుకుని, మెల్లగా ముందుకు తోశారు. వెనక్కి లాగేటప్పుడు నొక్కలేదు. తెల్లటి పొడి రాలింది. బ్రష్‌తో దులిపి, తీగని గాడిలో పెట్టి, శృతి చేసి, చూశారు. మళ్ళీ తీసి, మళ్ళీ తోశారు.

ఆ వాలు ఎందుకో అడిగాను. తీగ గాడిలో ఫింగర్‌బోర్డ్ వైపు అంచు మీదే ఆనాలట. అక్కడ ఆనితేనే తీగ పొడవు అక్కడి నుంచి మొదలైనట్టు లెక్క. గాడి అడుగు చదునుగా ఉండి తీగ మధ్యలో ఎక్కడో ఆనితే, ఊగుతూ అడుగుని రాసుకుంటూ జుమ్మంటుంది. తంబూరాలో బ్రిడ్జ్ మీద తీగ కింద దారం సర్ది కావాలని తెప్పించే నాదం అలాంటిదే. అక్కడ అది అందం, గిటార్‌లో మాత్రం దోషం.

చూసే పద్ధతి ఇది. రెండో, మూడో ఫ్రెట్ల మధ్య తీగని నొక్కిపట్టాలి. అప్పుడు మొదటి ఫ్రెట్‌కీ తీగకీ మధ్య వెలుతురు కనిపించీ కనిపించనంత సందు ఉండాలి. పైనుంచి వేలితో తట్టితే తీగ ఫ్రెట్‌ని తాకి టింగుమని చిన్న చప్పుడు రావాలి. ఆ చప్పుడు రాలేదంటే తీగ ఫ్రెట్ మీదే పడుకుందన్నమాట, గాడి ఎక్కువ లోతైపోయింది. మొదట్లో ఆ చప్పుడు గట్టిగా వినిపించింది, ప్రతి తోపుకీ సన్నబడుతూ వచ్చింది. సగం పనయ్యాక ఆయన ఆకురాయిని తోయడం తగ్గించి చూడడం ఎక్కువ చేశారు. చివర్లో ఒక్కసారి తోసి రెండుసార్లు చూడడం. గాడి లోతెక్కువైతే ఎముక పొడి, సూపర్ గ్లూ కలిపి పూడ్చే ఉపాయం ఉన్నా అది అతుకే. సరిగ్గా కావాలంటే నట్ మొత్తం మార్చాలి.

మొదటి ఫ్రెట్ మీద ఆరో తీగ 0.85 నుంచి 0.5కి, మొదటి తీగ 0.6 నుంచి 0.4కి దిగాయి. ఇంకాస్త దించవచ్చు కదా అంటే, "మీరు కొట్టే దెబ్బకి ఖాళీ తీగలు గరగరమంటాయి" అన్నారు. నా కుడిచెయ్యిని ఎందుకంత శ్రద్ధగా చూశారో అప్పుడు అర్థమైంది.

మూడో తీగ గాడి కాస్త ఇరుకుగా ఉండి, ట్యూన్ చేస్తున్నప్పుడు టిక్కుమని ఎగురుతూ శృతి దాటిపోయేది. ట్యూనింగ్ కీల తప్పని చాలామంది కీలు మార్చేస్తారు. గాడి గోడల్ని రెండుసార్లు ఆకురాయితో తుడిచి, పెన్సిల్ ముల్లు పొడి రాస్తే పోయింది.

ఈ దశలోనే గిటార్ నా చేతికిచ్చి ఎఫ్ పట్టమన్నారు. శాడిల్‌ని ఇంకా ముట్టుకోలేదు. 12వ ఫ్రెట్ దగ్గర ఎత్తు ఇంకా 3 మి.మీ. ఉంది. ఎఫ్ కార్డ్ ఆరు తీగలూ మోగింది.

శాడిల్ లెక్క

నట్, రాడ్ అయ్యాకే శాడిల్. ఈ వరస తప్పితే కొలతలన్నీ తారుమారవుతాయి. నట్ గాడి లోతు చేస్తే 12వ ఫ్రెట్ దగ్గర దానిలో సగం దిగుతుంది. రాడ్ బిగిస్తే అదీ కొంత దించుతుంది. ముందుగా శాడిల్ అరగదీసి ఆ తర్వాత వాటిని ముట్టుకుంటే తీగలు ఫ్రెట్ల మీద పడుకుంటాయి.

ఇప్పుడున్న కొలతలు: ఆరో తీగ 3.0, మొదటి తీగ 2.3. కావలసినవి 2.3, 1.7. అంటే ఒక వైపు 0.7, ఇంకో వైపు 0.6 దించాలి. 12వ ఫ్రెట్ తీగ పొడవుకి సరిగ్గా సగంలో ఉంటుంది కాబట్టి శాడిల్ దగ్గర దానికి రెట్టింపు తీయాలి. ఆరో తీగ వైపు 1.4, మొదటి తీగ వైపు 1.2. ఏ సెటప్‌కైనా ఇదే సూత్రం: 12వ ఫ్రెట్ దగ్గర ఎంత తగ్గాలో శాడిల్‌లో దానికి రెట్టింపు.

పాత శాడిల్ ప్లాస్టిక్‌ది. దాన్ని అరగదీయకుండా కొత్త ఎముక శాడిల్ చేద్దామన్నారు. నేను సరేనన్నది శబ్దం కోసం కాదు. ఎముక వేస్తే గిటార్ వేరే లోకంలోకి వెళ్ళిపోతుందని చెప్పేవాళ్ళున్నారు, నాకు అంత నమ్మకం లేదు. పాతది చెక్కుచెదరకుండా చేతిలో ఉంటుందనే సరేనన్నాను. పొడికాలంలో పైపలక కుంగితే ఆ ఎత్తైన శాడిల్ అడుగు కాస్త తీసి వాడుకోవచ్చు. కాలానికో శాడిల్ పెట్టుకుని మార్చుకునేవాళ్ళు ఉన్నారు.

ఎముక ముక్కని ముందు గాడిలో పట్టేంత మందానికి తెచ్చారు. వేళ్ళతో నొక్కితే దిగాలి, గిటార్ తలకిందులు చేస్తే జారిపడకూడదు. వదులుగా ఉంటే తీగల లాగుడుకి ముందుకి వాలి ఇంటొనేషన్‌ని, అంటే నొక్కిన స్వరాల శృతిని, పాడుచేస్తుంది. తర్వాత పైభాగం వంపు. ఫింగర్‌బోర్డ్ వంపు 16 అంగుళాల వ్యాసార్థం, శాడిల్ పైఅంచు కూడా అదే వంపులో ఉండాలి, లేకపోతే మధ్య తీగలు ఒక ఎత్తులో, పక్క తీగలు ఇంకో ఎత్తులో ఉంటాయి. ఆ వంపు ఉన్న అచ్చు కాగితం పెట్టి గీసి, ఆకురాయితో దించారు.

అడుగు భాగానికే అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది. గాజు పలక మీద ఉప్పుకాగితం అంటించి, శాడిల్‌ని నిటారుగా పట్టుకుని ఒకే వైపుకి తోస్తారు. అడుగు మీద పెన్సిల్‌తో గీతలు గీసుకుంటారు. ఎక్కడ గీతలు చెరిగితే అక్కడే అరుగుతోందని లెక్క. చెయ్యి అటూ ఇటూ ఊగితే అడుగు గుండ్రంగా అవుతుంది. మామూలు గిటార్‌కి అది కనిపించని లోపం. కింద పీజో ఉంటే వెంటనే బయటపడుతుంది. కాస్త ఎక్కువే ఉంచి పెట్టి చూశారు, తీగలు ఎక్కించి కొలిచారు, మళ్ళీ తీసి అరగదీశారు. చివరికి ఆరో తీగ 2.3, మొదటి తీగ 1.7. బ్రిడ్జ్ పైన శాడిల్ 3 మి.మీ.కి పైనే కనిపిస్తోంది, అంటే తీగ శాడిల్ దాటి పిన్ (తీగ చివరని బ్రిడ్జ్‌లో పట్టి ఉంచే మేకు) వైపు మంచి కోణంలో వంగుతోంది. ఈ కోణం తగ్గితే తీగ శాడిల్ మీద సరిగ్గా నొక్కుకోదు, శబ్దం నీరసపడుతుంది.

తీగలు ఎక్కించేటప్పుడు ఒకటి గమనించాను. తీగ చివర ఉండే చిన్న బంతిని పిన్ పక్కన పెట్టి, తీగని పైకి లాగుతూ పిన్ నొక్కారు. బంతి పిన్ కొస మీద కాకుండా లోపలి బ్రిడ్జ్ ప్లేట్‌కి ఆనుకోవాలి. లేకపోతే శృతి పెడుతుంటే పిన్ ఎగిరి మొహం మీదికి వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఎవరూ చెప్పని విషయం ఇది.

ఇంటొనేషన్

12వ ఫ్రెట్ దగ్గర తీగని తాకీ తాకకుండా మీటితే వచ్చే హార్మోనిక్, అదే ఫ్రెట్‌ని నొక్కి మీటితే వచ్చే స్వరం, రెండూ కలవాలి. నొక్కిన స్వరం పైకి పోతే తీగ పొడవు చాలలేదని, శాడిల్ మీద తీగ ఆనే చోటుని వెనక్కి జరపాలని అర్థం. అకూస్టిక్‌లో ఎలక్ట్రిక్‌లాగ తిప్పుకునే స్క్రూలు ఉండవు. శాడిల్ మందంలోనే ఈ సర్దుబాటంతా జరగాలి.

మునుపు ఆరో తీగ 9 సెంట్లు పైకి ఉండేది. యాక్షన్ తగ్గగానే అది 3కి వచ్చింది. ఎత్తైన తీగని నొక్కితే ఎక్కువ సాగుతుంది కదా. రెండో తీగ మాత్రం ఇంకా పైకే ఉంది. పైన చుట్టు లేని తీగల్లో అదే లావు, అందుకే దానికి ఎక్కువ సవరణ కావాలి. శాడిల్ మీద రెండో తీగ ఆనే చోటుని వెనక అంచు దాకా జరిపి, మూడో తీగ చోటుని ముందుకి తెచ్చి చెక్కారు. అన్ని తీగలూ 2 సెంట్లలోపు కుదిరాయి. ఆరో తీగ మొదటి ఫ్రెట్ దగ్గర 12 ఉన్నది 3కి వచ్చింది. ఏ గిటారూ అన్ని ఫ్రెట్ల దగ్గరా సున్నా చూపించదు. అలా చూపించాలని పట్టుబట్టేవాళ్ళు వాయించడం మానేసి ట్యూనర్ చూస్తూ కూర్చుంటారు.

ప్లగ్ పెట్టి చూస్తే

యాంప్లిఫయర్‌కి కలిపితే నాలుగో తీగ మిగతావాటికన్నా తక్కువగా వినిపించింది. కొత్త శాడిల్ వేశాక తరచూ వచ్చే సమస్యేనట. శాడిల్ తీసి చూస్తే గాడి అడుగున సన్నటి చెక్క పొట్టు ముక్క ఉంది, పీజో పట్టీ ఆ చోట కాస్త లేచి కూర్చుంది. శుభ్రం చేసి, పట్టీని సరిగ్గా పరిచి, శాడిల్ మళ్ళీ దించారు. ఆరు తీగలూ సమంగా వచ్చాయి. సెటప్ అయ్యాక పికప్ ఉన్న గిటార్‌ని ప్లగ్ పెట్టి వినకుండా తీసుకోకూడదు.

ఇంటికొచ్చాక

రెండు రోజులు ఏం వాయించినా హాయిగా ఉంది. ఆ తర్వాత ఐదో తీగ మీద సి వాయించినప్పుడల్లా ఎక్కడో జిర్రుమని చప్పుడు. ఫ్రెట్ తగులుతోందా అంటే మెల్లగా మీటినా వస్తోంది, ఫ్రెట్ మార్చి పట్టినా ఆ సి స్వరానికే వస్తోంది. ఫ్రెట్ బజ్ అలా ఉండదు. గట్టిగా మీటితేనే పెరుగుతుంది, ఒక చోటికే పరిమితమవుతుంది. ఒకే స్వరానికి వచ్చే చప్పుడు సాధారణంగా ఎక్కడో వదులుగా ఉన్న వస్తువు ఆ స్వరంతో కలిసి అదరడం వల్ల వస్తుంది.

పట్టుకోవడం సులభం. స్వరం మోగుతుండగా ఒక్కో భాగాన్ని వేలితో నొక్కుతూ పోవాలి. తీగ కొసలు, బ్రిడ్జ్ పిన్‌లు, బ్యాటరీ పెట్టె, ట్యూనింగ్ కీలు. నాలుగో తీగ కీ మీద వేలు పెట్టగానే చప్పుడు ఆగింది. హెడ్‌స్టాక్ ముందువైపు ఉండే చిన్న షట్కోణపు నట్ వదులైంది. స్పానర్‌తో పావు చుట్టు, అంతే. దీన్ని ఫ్రెట్ బజ్ అనుకుని మళ్ళీ యాక్షన్ పెంచించుకునేవాళ్ళు ఎంతమందో.

కొన్నాళ్ళ తర్వాత

రాడ్ బిగించాక నెక్ వెంటనే కుదురుకోదు, ఆ కొత్త బిగువుకి అలవాటుపడుతూ మెల్లగా కదులుతుంది. మళ్ళీ కొలిస్తే రిలీఫ్ 0.15 నుంచి 0.1కి వచ్చింది. చూపుకి ఏమీ లేదు. ఆరో తీగని డి దాకా దించి గట్టిగా కొడితే మాత్రం ఐదో ఫ్రెట్ చుట్టుపక్కల కాస్త గరగర. టెక్నీషియన్ గారికి ముందే తెలుసు. "ఒకసారి తేండి, మళ్ళీ చూద్దాం" అని తీసుకెళ్ళేటప్పుడే అన్నారు. చుట్టులో ఎనిమిదో వంతు వదులు చేశారు, కొలత 0.15. గరగర పోయింది. ఈ రెండో సర్దుబాటు సెటప్‌లో భాగమే. ఒకసారి ఇచ్చి తెచ్చుకుంటే అయిపోయిందనుకునేవాళ్ళు ఇక్కడ మోసపోతారు. పని ఇచ్చేటప్పుడే ఇది ఉంటుందా లేదా అని అడిగి తీరాలి.

కేస్‌లో చిన్న తేమ కొలిచే మీటర్ పెట్టాను. 45 కంటే తగ్గితే తేమ ఇచ్చే సంచి, 55 దాటితే సిలికా జెల్. గిటార్‌ని గోడకి వేలాడదీయడం మానేశాను.

ఇక మిగిలిన పని. రెండో తీగ కింద మొదటి మూడు ఫ్రెట్ల మీద సన్నటి గుంటలు పడ్డాయి. ఇప్పుడైతే శబ్దంలో తేడా లేదు. తీగని పక్కకి లాగితే గీరుకున్నట్టు చేతికి తెలుస్తోంది. ఆ మూడింటి తలలు మళ్ళీ గుండ్రం చేసి పాలిష్ చేయాలి. ఈ తీగల సెట్ అరిగి మార్చాల్సి వచ్చినప్పుడు అది చేయిద్దాం. అప్పటికి పాత ప్లాస్టిక్ శాడిల్ కూడా తీసుకెళ్ళాలి, పొడికాలం కోసం దాని అడుగు ఎంత తీయాలో అప్పటి కొలతలు చూసి తేల్చుకోవాలి.